ఎముకల మందూ, నా అరకొర చదువూ

ఎముకలు గుల్లబారకుండా ఆపే మందుల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ, ఏదో ఒక వంక చెప్పుకుని వాయిదా వేస్తూ వచ్చాను. వంక ఎందుకంటే, ఈ కథలో నేను చేసిన తప్పొకటి ఉంది. అది ఒప్పుకోకుండా మిగతాదంతా రాస్తే నిజాయితీగా ఉండదు. ఒప్పుకుంటూ రాయటానికి ఇంతకాలం మనసొప్పలేదు.

ముందే చెప్పేస్తున్నాను, నేను వైద్యుణ్ణి కాను. నా చదువు రసాయనం, ఉద్యోగం నీళ్ళు. ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్ఫై యేళ్ళకు పైగా, చల్లార్చే గోపురాల్లో తిరిగే నీటిని పరీక్షించటం, అందులో గార కట్టకుండా మందులు వెయ్యటం, ఇదే నా పని. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టే గార మీకు తెలిసినదే. గొట్టాల్లో అదే గార పడితే వేడి మారటం తగ్గి, బొగ్గు వృథా అవుతుంది. దానికి మేము వేసే మందుల్లో ముఖ్యమైనది హెచ్.ఇ.డి.పి. డ్రమ్ముల్లో వచ్చేది, పసుపు పచ్చటి ద్రవం. నీటిలోని కాల్షియం స్ఫటికాలు పేరుకోబోయే చోట అది అతుక్కుని, వాటిని పెరగనివ్వదు. (కాల్షియానికి 'ఖటికం' అన్న చక్కటి మాట ఉంది. వాడాలని నాకూ కోరికే. కానీ మందుల చీటీ మీద కాల్షియం అనే ఉంటుంది కాబట్టి ఈసారికి అదే వాడతాను.)

ఉద్యోగ విరమణ తరవాత, మా అమ్మ మందు పొట్లం వెనక ఉన్న సన్నక్షరాలు చదువుతూ ఆ మందు వంశవృక్షం వెతుక్కుంటూ పోతే, ఆ డ్రమ్ములో ద్రవం ఎదురైంది. హెచ్.ఇ.డి.పి.కి వైద్యుల భాషలో పేరు ఎటిడ్రోనేట్. బిస్ఫాస్ఫొనేట్లు అనే ఎముకల మందుల కుటుంబంలో అది అందరికన్నా పెద్దక్క.

ఆ కథ ముచ్చటైనది. పైరోఫాస్ఫేటు జాతి పదార్థాలు నీళ్ళలో గార కట్టనివ్వవని పారిశ్రామికులకి ఎప్పటినుంచో తెలుసు. 1960లలో స్విట్జర్లాండులో హెర్బర్ట్ ఫ్లైష్ అనే శాస్త్రవేత్త, మన రక్తంలోనూ మూత్రంలోనూ కూడా పైరోఫాస్ఫేటు ఉంటుందనీ, కండరాలూ రక్తనాళాలూ సున్నపురాయిలా గట్టిపడకుండా అది కాపాడుతోందనీ గమనించాడు. దాన్నే మందుగా ఇద్దామంటే ఒంట్లోని ఎంజైములు దాన్ని ఇట్టే విరిచేస్తాయి. రెండు భాస్వరాల మధ్య ఉన్న ఆక్సిజను వంతెన తీసేసి, ఆ స్థానంలో కర్బనపు వంతెన ఉన్న బిస్ఫాస్ఫొనేట్లని పరీక్షించి చూశారు. కర్బనపు వంతెనని విరిచే ఎంజైము మన ఒంట్లో లేదు. 1969లో ఫ్లైష్, అతని సహచరుడు గ్రాహమ్ రసెల్, మరికొందరూ కలిసి ఈ పదార్థాలు ఎముక కరగటాన్ని కూడా ఆపుతాయని ప్రకటించారు. గార కట్టకుండా ఆపేదే, ఎముక కరగకుండానూ ఆపుతుంది!

ఎముక అంటే రాయి కాదు. నిత్యం ఒకపక్క కూల్చే కణాలు పాత ఎముకని కరిగించి గుంటలు చేస్తుంటాయి, ఇంకోపక్క కట్టే కణాలు ఆ గుంటలు పూడుస్తుంటాయి. ఏడాదికి మన అస్థిపంజరంలో సుమారు పదోవంతు ఇలా పాతది పోయి కొత్తది వస్తుంది. ముట్లుడిగిన తరవాత స్త్రీలలో కూల్చేవాళ్ళ జోరు పెరుగుతుంది, కట్టేవాళ్ళు అందుకోలేరు. అదే ఎముకలు గుల్లబారటం. బిస్ఫాస్ఫొనేట్లు ఎముకకి అతుక్కుని కాచుకుని ఉంటాయి. కూల్చే కణం వచ్చి ఆ చోటు కరిగించబోతే, కరిగిన ఎముకతోపాటు మందునీ మింగి చతికిలబడుతుంది. మింగబడని మందు ఎముకలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఈ చివరి వాక్యాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నా తప్పంతా దాని చుట్టూనే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. 2013లో అమ్మ గడప దగ్గర తూలి చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, ఆరు వారాలకి తీశారు, కాల్షియం బిళ్ళలు రాశారు. 'వయసు కదండీ' అన్నారు. మేమూ 'వయసు కదా' అనుకున్నాం. నిలబడిన ఎత్తునుంచి పడితే విరిగిన ఎముక, అది మణికట్టయినా సరే, తరవాత విరగబోయే ఎముకలకి ముందుగా వచ్చిన ఉత్తరం. దాన్ని చదివినవాళ్ళు లేరు. నాలుగేళ్ళ తరవాత 2017లో, అమ్మకి డెబ్భై నాలుగో ఏట, స్నానాలగదిలో పడి తుంటి విరిగింది.

శస్త్రచికిత్స చక్కగా చేశారు. ఆ విషయంలో ఆ ఆసుపత్రిని పొగడటమే గాని వంక పెట్టను. మూడోనాడే నిలబెట్టారు. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో పదకొండు మందులున్నాయి. నొప్పికి రెండు, గ్యాసుకి ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఒకటి, విరేచనానికి ఒకటి, మళ్ళీ కాల్షియం, విటమిన్లు. విరిగిన ఎముకకి స్టీలు కమ్మీ వేశారు సరే, విరగని రెండో తుంటికి ఏమిటి రక్షణ? ఆ ప్రశ్న మాకు తోచలేదు, వాళ్ళూ వెయ్యలేదు. నెలన్నర తరవాత, వైద్య విద్య పూర్తి చేసిన మా మేనకోడలు చూడటానికొచ్చి, కాగితం తిరగేసి, "ఎముకల మందు ఏది మామయ్యా?" అంది. కాల్షియం చూపించాను. "అది ఇటుకలు. కూలగొట్టేవాళ్ళని ఆపేది ఏది?" అంది.

నా మొదటి అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాను. తుంటి విరిగిన ముసలివాళ్ళని ఎముకల మందు గురించి ఒక్క మాటైనా లేకుండా ఇంటికి పంపటం సగం వైద్యం. గుండెపోటు వచ్చినవాణ్ణి, మళ్ళీ రాకుండా మందులివ్వకుండా పంపితే ఊరుకుంటామా? 2007లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, తుంటికి శస్త్రచికిత్స అయిన మూడు నెలల లోపల 2127 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి జొలెడ్రోనేట్ అనే బిస్ఫాస్ఫొనేటు ఏడాదికోసారి నరంలోకి ఎక్కించారు, రెండో జట్టుకి ఉత్త సెలైను ఎక్కించారు. సుమారు రెండేళ్ళ తరవాత చూస్తే, సెలైను జట్టులో నూటికి దాదాపు 14 మందికి మళ్ళీ ఎముకలు విరిగాయి, మందు జట్టులో 9 కన్నా తక్కువ. చనిపోయినవాళ్ళు సెలైను జట్టులో నూటికి 13, మందు జట్టులో 10 లోపు. వృద్ధాప్యంలో తుంటి విరగటమంటే ప్రాణం మీదికి రావటమేనని తెలిసినవాళ్ళకి ఈ అంకెల బరువు అర్థమవుతుంది.

కాల్షియాన్ని తీసిపారెయ్యటం లేదు. మన ఎండలకి విటమిన్ డి లోటేమిటని నేనూ అనుకునేవాణ్ణి. తిరుపతి ప్రాంతంలో ఊళ్ళవాళ్ళనీ పట్నంవాళ్ళనీ పరీక్షించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ళలోనే విటమిన్ డి లోటు విపరీతంగా ఉన్నట్టు తేలింది. తిండిలో కాల్షియం తక్కువ, ఉన్న కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. కాబట్టి ఇటుకలూ కావాలి. ఆ లోటు పూడ్చకుండా ఎముకల మందు ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అయితే ఇటుకలు తోలించి, కూలగొట్టేవాళ్ళని వాళ్ళ మానాన వదిలేస్తే ఇల్లు నిలవదు.

అమ్మకి మొదట రాసింది వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ళ. 1995లో అమెరికాలో అనుమతి పొందిన మందు. దాని నియమాలు వ్రత నియమాల్లాంటివి. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకోవాలి. తరవాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, నడుం వాల్చకూడదు. ఎందుకంటే ఈ మందు మింగినదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఒంట్లోకి చేరదు. కాఫీతో మింగితే ఆ కాస్తలోనూ సగానికి పైగా పోతుంది. పడుకుంటే బిళ్ళ పైకి ఎగదన్ని అన్నవాహికని కాలుస్తుంది. పాఠకులారా, అరవయ్యేళ్ళుగా కళ్ళు తెరవగానే డికాక్షను వాసన పీల్చిన గుంటూరు జిల్లా ఆడమనిషికి ఆ అరగంట ఎంత పొడుగో ఊహించండి. "వారానికి ఒక్కరోజేగా అమ్మా" అంటే, "ఆ ఒక్కరోజూ తలనొప్పే" అనేది.

అయిదు నెలల తరవాత పోపులపెట్టెలో ఆవాల గిన్నె కింద ఎనిమిది బిళ్ళలు దొరికాయి. అడిగితే పక్కింటావిడ చెప్పిందట, ఈ మందు వేసుకుంటే దవడ ఎముక కుళ్ళిపోతుందని.

ఈ భయం ఉత్తదే అని నేను అనను. దవడ ఎముక చచ్చుపడటం నిజంగా ఉంది, 2003లో మొదటిసారి బయటపడింది. ఎక్కువగా కనిపించింది కాన్సరు ఎముకలకి పాకినవాళ్ళలో. వాళ్ళకి ఇదే జాతి మందుని చాలా పెద్ద మోతాదులో, నెలనెలా ఎక్కిస్తారు. గుల్ల ఎముకలకి ఇచ్చే మోతాదులో అది పదివేల మందికి ఏడాదికి ఒకరికి, లేదా ఇంకా తక్కువ మందికి వచ్చేది. పన్ను పీకించుకోవలసి ఉంటే మందు మొదలుపెట్టకముందే పీకించుకోవటం మంచిది. ఇంకొకటి, ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో బహు అరుదుగా తొడ ఎముక నడుమ, పెద్ద దెబ్బ లేకుండానే, సుద్దముక్కలా అడ్డంగా విరగటం. దానికి ముందు చాలామందిలో వారాలో నెలలో తొడలోనో గజ్జలోనో నొప్పి వస్తుంది. ఆ నొప్పి వస్తే చెప్పమని మందిచ్చేటప్పుడే చెప్పాలి. కూల్చటాన్ని అతిగా ఆపితే పాత ఎముకలోని సన్నటి బీటలు మరమ్మతు కాకుండా ఉండిపోవటం దీనికొక కారణమంటారు. అందుకే బిళ్ళలయితే అయిదేళ్ళకి, నరంలోకయితే మూడేళ్ళకి ఆగి, ప్రమాదం తగ్గినవాళ్ళకి కొంతకాలం విరామం ఇస్తారు.

మందు గొప్పలు చెప్పేవాళ్ళ లెక్క కూడా కాస్త చూడాలి. 1996లో వెలువడిన అలెండ్రోనేట్ పరీక్షలో తుంటి విరుగుళ్ళు 'సగానికి తగ్గాయి' అన్నారు. నిజమే. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న రెండువేల పైచిలుకు స్త్రీలలో, మూడేళ్ళలో, ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 22 మందికి, మందు వేసుకున్నవాళ్ళలో 11 మందికి. అంటే నూటికి రెండు, నూటికి ఒకటి అయ్యాయి. సగం అన్నా సరే, నూటికొకరు అన్నా సరే, రెండూ ఒకటే అంకె. అమ్మలాంటి మనిషికి, ఒకసారి తుంటి విరిగి పడ్డ మనిషికి, ఆ నూటికొకరు విలువైనదే. నలభై ఎనిమిదేళ్ళ ఆరోగ్యవంతురాలికి కాదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా అపార్టుమెంటులో ఒక ఆదివారం ఉచిత ఎముకల శిబిరం పెట్టారు. మడమ మీద ఒక యంత్రం ఆనించి, కాగితం మీద ఎర్రగీత కింద చుక్క చూపించి, నలభైలలో ఉన్న ఆడవాళ్ళకి కూడా మందులు చెప్పేశారు. చిత్రం చూడండి, తుంటి విరిగిన మా అమ్మకి ఎవరూ రాయని మందు, ఏమీ విరగనివాళ్ళకి పందిరి కింద పంచుతున్నారు! సాంద్రత అంకె ఒక్కటే చూసి ఎముకని అంచనా వెయ్యలేమని తెలియటానికి తెలుగువాళ్ళం ఎక్కడికో పోనక్కరలేదు. ఫ్లోరైడు నీళ్ళ వల్ల ఎముకలు వంకర్లు పోయే జబ్బుని మన దేశంలో మొట్టమొదట 1937లో వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. తరవాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. ఎక్స్‌రేలో ఆ ఎముకలు దట్టంగా, తెల్లగా కనిపిస్తాయి. అదే ఫ్లోరైడుని అమెరికాలో గుల్ల ఎముకలకి మందుగా ఇచ్చి చూశారు. 1990లో ఫలితం వచ్చింది. వెన్నులో సాంద్రత మూడోవంతుకు పైగా పెరిగింది, వెన్నుపూసలు విరగటం మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, మిగతాచోట్ల విరగటం ఇంకా పెరిగింది. దట్టంగా ఉన్నది గట్టిగా ఉన్నట్టు కాదు. మందుని తూచవలసింది ఎన్ని ఎముకలు విరగకుండా ఆపిందన్న లెక్కతోనే.

సరే, బిళ్ళలతో వేగలేక, అమ్మకి 2018 ఏప్రిల్‌లో జొలెడ్రోనేట్ ఎక్కించారు. మూత్రపిండాల పరీక్ష, విటమిన్ డి పరీక్ష అయ్యాక, పావుగంట పాటు సెలైను సీసా, అంతే. ఆ రాత్రి జ్వరం, ఒళ్ళు నొప్పులు వచ్చాయి. ముందే చెప్పారు కాబట్టి పారాసెటమాల్ వేసి పడుకోబెట్టాం. రెండోరోజుకి లేచి కాఫీ అడిగింది. ఏడాదికి ఒక్కసారి, కాఫీకి అడ్డులేని మందు. అమ్మకి తెగ నచ్చింది. 2019 ఏప్రిల్‌లో రెండోది. మూడోది 2020 ఏప్రిల్‌లో పడాలి.

ఆ ఏప్రిల్ ఎలాంటిదో మీకు చెప్పక్కరలేదు. ఊరంతా తాళం వేసి ఉంది. నేను కంగారుపడలేదు. మందు ఎముకకి అతుక్కుని ఏళ్ళ తరబడి ఉంటుంది, ఆర్నెల్లు ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు, అని నా రసాయనం నాకు చెప్పింది. అది సరైన లెక్కే. అక్టోబరులో ఎక్కించాం, ఏమీ కాలేదు.

మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, అప్పటికి రెండేళ్ళుగా ఆర్నెల్లకోసారి పొట్ట దగ్గర ఒక ఇంజెక్షను తీసుకుంటోంది. చివరిది 2019 అక్టోబరులో పడింది. తరవాతిది కూడా ఏప్రిల్‌లోనే. ఆవిడ ఫోను చేసి, "ఒరే, నా సూది కూడా ఆలస్యమవుతోంది, ఫరవాలేదంటావా? ఆసుపత్రికి వెళ్ళాలంటే భయంగా ఉంది" అంది. నేను, ఈ మందుల పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివినవాణ్ణి, హెచ్.ఇ.డి.పి. డ్రమ్ములు దొర్లించినవాణ్ణి, పేరైనా అడగకుండా, "ఎముకల మందేగా పిన్నీ, అమ్మదీ ఆలస్యమైంది, ఏమీ కాదు, పరిస్థితి చక్కబడ్డాక తీసుకుందువుగాని" అన్నాను.

ఆవిడది డెనోసుమాబ్. దానికీ అమ్మ మందుకీ చుట్టరికం లేదు. 2010లో వచ్చిన మందు, ప్రతిరక్షకం. కూల్చే కణాలు ఎదగటానికి ఒక సంకేతం కావాలి. ఆ సంకేతాన్ని ఇది దారిలోనే పట్టేస్తుంది. పనితనంలో మొనగాడే, 2009 పరీక్షలో వెన్నుపూసలు విరగటం మూడింట రెండువంతులు తగ్గించింది. కానీ అది ఎముకలో దాగి ఉండదు. ఆర్నెల్లకి కరిగిపోతుంది. పోయాక, అంతవరకూ ఆగి ఉన్న కూల్చే కణాలన్నీ ఒక్కసారిగా, మందు మొదలుపెట్టకముందుకన్నా ఎక్కువ జోరుతో పనిలోకి దిగుతాయి. కూడబెట్టినదంతా ఒకటి రెండేళ్ళలో పోతుంది. కొందరికి వెన్నుపూసలు ఒకటి కాదు, వరసగా రెండు మూడు కుంగిపోతాయి. 2017 నాటికే ఐరోపా నిపుణులు ఈ సంగతి రాసిపెట్టారు. 2020 మేలో అయితే అమెరికా, ఐరోపాల ఎముకల సంఘాలు కలిసి సరిగ్గా మా ఇంటికోసమే రాసినట్టు ఒక సలహా ఇచ్చాయి. జొలెడ్రోనేట్ కొన్ని నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు, డెనోసుమాబ్ మాత్రం చివరి సూది నుంచి ఏడు నెలలు దాటనివ్వవద్దు, వీలుకాకపోతే తాత్కాలికంగా బిళ్ళలైనా మొదలుపెట్టండి అని. నేను అది చదివింది సెప్టెంబరులో.

ఆగస్టులో పిన్ని బిందె ఎత్తలేదు, కింద పడలేదు. మంచం మీదనుంచి లేస్తుంటే నడుములో కలుక్కుమంది. మూడు వెన్నుపూసలు.

మందు ఇచ్చినచోట ఆవిడకి 'దీన్ని మధ్యలో ఆపకూడదు' అని ఎవరూ చెప్పలేదు. చీటీ మీదా లేదు. ఆ మాట అనుకుని కొంతకాలం నా బాధ తగ్గించుకున్నాను. అయితే ఆవిడ అడిగింది నన్ను. జవాబు చెప్పింది నేను. తెలియదు అనటం నాకు చేతకాలేదు. మేనకోడలికి ఒక్క ఫోను చేస్తే రెండు నిమిషాల్లో తేలే విషయం.

అందుచేత నా రెండో అభిప్రాయం మొదటిదానికన్నా గట్టిది. ఎముకల మందు రాసినవాళ్ళు ఎలా మొదలుపెట్టాలో చెప్పినప్పుడే ఎలా ఆపాలో కూడా కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. డెనోసుమాబ్ మొదలుపెట్టటమంటే, దాన్ని మానే రోజున దాని స్థానంలో బిస్ఫాస్ఫొనేటు తీసుకుంటానని ఒప్పుకోవటం. ఇప్పుడు మన కంపెనీలే దాన్ని తయారుచేస్తున్నాయి కాబట్టి చాలామందికి అందుబాటులోకి వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతిని జొలెడ్రోనేట్ తీసుకోలేనివాళ్ళకి కూడా ఇస్తున్నారు. డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని 2024 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టె గీసి మరీ హెచ్చరించింది. ఇంత పదునైన మందుని, పారాసెటమాల్ చీటీలాంటి చీటీ మీద, 'ఆర్నెల్లకి రండి' అన్న ఒక్క ముక్కతో పంపటం నాకు అర్థం కాదు.

కొందరు మిత్రులు, ఇంత చిక్కు ఉన్నప్పుడు అసలు మందులే వద్దనుకోవచ్చుగా, రాగి అంబలీ నువ్వులుండలూ నడకా చాలవా అంటారు. వాళ్ళతో నాకు పేచీ లేదు, విరగనంతవరకూ. రాగులూ నడకా నలభైలలో మొదలుపెట్టినవాళ్ళకి ఎముక పెట్టుబడి. తుంటి విరిగిన డెబ్భై నాలుగేళ్ళ మనిషికి అంబలి మాత్రమే ఇచ్చి కూర్చోబెట్టటం నాకు ధైర్యంగా కాక నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. పిన్నికి అన్యాయం చేసింది మందు కాదు, మందు లేకపోవటం.

అమ్మకి మూడో సీసా తరవాత విరామం ఇచ్చారు. రెండో తుంటి నిలిచే ఉంది. అది మందు చలవో, మేము స్నానాలగదిలో బిగించిన పట్టుకునే కడ్డీ చలవో, ఒక్క మనిషిని చూసి చెప్పలేను.

పిన్నికి 2020 సెప్టెంబరు చివర్లో సూది మళ్ళీ మొదలుపెట్టారు. మనిషి ఎత్తు తగ్గింది. వంటింట్లో గూటిలో ఉన్న దేవుడి పటం ఇప్పుడు అందదు, కిందికి దింపి పెట్టాం. నన్ను ఒక్కమాట అనలేదు. ఒకసారి మాత్రం, నేను ఏదో మందు గురించి ఎవరికో ఫోనులో చెబుతుంటే విని, "పేరు అడిగావా ముందు?" అంది నవ్వుతూ.

గోడమీది కాలెండరులో ఏడాదికి రెండు తారీఖుల చుట్టూ ఎర్రగా సున్నా చుడుతున్నాను. ఈసారి రెండోది దసరా వారంలో పడింది. పిల్లలు తిరుపతి ప్రయాణం పెట్టుకుందామన్నారు. సూది అయిన మర్నాటికి టిక్కెట్లు తీశాం.